మొదటిసారి జాకెట్ కుట్టించుకుంటున్నాను, టై లేకుండా మామూలు ప్యాంట్ల మీద వేసుకోవాలి. టైలర్‌కి ఏం చెప్పాలి?

గళ్ల_చొక్కా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఆఫీసులో నా పని మారింది. బయటి కంపెనీల వాళ్లతో మీటింగులు, ఆ తర్వాత డిన్నర్లు ఎక్కువయ్యాయి. ఆహ్వానాల్లో చాలావాటి మీద ‘స్మార్ట్ క్యాజువల్’ అని ఉంటోంది. సూట్ వేసుకెళ్తే మరీ ఎక్కువైనట్టు ఉంటుంది, ఒట్టి చొక్కా ప్యాంటుతో వెళ్తే తక్కువైనట్టు ఉంటుంది. అందుకే ఒక మంచి జాకెట్ కుట్టించుకుందామని నిర్ణయించుకున్నాను.

రెడీమేడ్ ఎందుకు కొనడం లేదంటే, అవి నా ఒంటికి కుదరవు. ఛాతీ 39 అంగుళాలు, నడుము 31. 38 సైజు వేసుకుంటే బటన్ దగ్గర లాగుతుంది, 40 వేసుకుంటే నడుము దగ్గర లూజుగా వేలాడుతుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని కాబట్టి మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం కిందికి ఉంటుంది. ఏ జాకెట్ వేసుకున్నా వెనక కాలర్ నా చొక్కా కాలర్‌ని తాకదు, మధ్యలో రెండు వేళ్లు పట్టేంత సందు. కుడి చంక కింద ఏటవాలుగా ముడత పడుతుంది. ఒక రెడీమేడ్ జాకెట్‌ని ఆల్టరేషన్‌కి ఇస్తే నడుము బిగించి ఇచ్చారు, కాలర్ సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

గుడ్డ ఏది తీసుకోవాలి? సూపర్ 150 అయితే బాగుంటుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? భుజాలకి ప్యాడ్ పెట్టించాలా వద్దా? ట్రయల్ రోజున అద్దంలో ఏం చూసుకోవాలి? వచ్చే వారం కొలతలు ఇవ్వడానికి వెళ్తున్నాను. కాస్త టెన్షన్‌గానే ఉంది, ఒకసారి గుడ్డ మీద కత్తెర పడ్డాక వెనక్కి తీసుకోలేం కదా.

నూలుపోగు

గుడ్డ సంగతి వరకు నేను చెప్తాను, కుట్టు సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

సూపర్ నంబర్ చూసి గుడ్డ కొనకండి. ఆ నంబర్ చెప్పేది ఉన్ని పోగు ఎంత సన్నమన్నది మాత్రమే. సూపర్ 100 అని ముద్ర వేయాలంటే పోగు మందం సగటున 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మించకూడదు, సూపర్ 150కి 16.25 మైక్రాన్లు. పోగు సన్నబడే కొద్దీ చేతికి మెత్తగా ఉంటుంది, మెరుపు వస్తుంది. కానీ ముడతలు తొందరగా పడతాయి, మోచేతుల దగ్గర తొందరగా అరుగుతుంది. వారానికి రెండు మూడుసార్లు వేసుకునే జాకెట్‌కి అది పనికిరాదు. పైగా ఆ మెరుపే మీకు అడ్డం. చినోస్ (మామూలు నూలు ప్యాంట్లు) మీద, జీన్స్ మీద మెరిసే జాకెట్ వేస్తే ఎవరైనా సూట్‌లో పై భాగం ఒక్కటే వేసుకొచ్చారనుకుంటారు.

మీకు కావలసింది నేతలో గరుకుదనం కనిపించే గుడ్డ. నా ఓటు హాప్‌సాక్‌కి. రెండేసి పోగులు కలిపి సాదా నేత వేస్తారు కాబట్టి దగ్గర్నుంచి చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సన్నటి సందులు కనిపిస్తాయి, గాలి ఆడుతుంది. బరువు గజానికి 9 నుంచి 10 ఔన్సులు, అంటే మీటరుకి 280 నుంచి 310 గ్రాములు. ఏసీ గదుల్లో గడిపేవాళ్లకి ఏడాదిలో ఎక్కువ భాగం సరిపోతుంది. దానికంటే పల్చటి గుడ్డ చల్లగా ఉంటుందని 7 ఔన్సులకి దిగొద్దు. అంత తేలికపాటి గుడ్డకి వేలాడే బరువు ఉండదు, ప్రతి చిన్న లోపాన్నీ బయటపెడుతుంది.

రంగు నేవీ. మొదటి జాకెట్‌కి గళ్లు, చారలు వద్దు. చూసినవాళ్లకి గళ్ల జాకెట్ గుర్తుండిపోతుంది, వారంలో రెండోసారి వేసుకోలేరు.

కత్తెర_సుద్ద

గుడ్డ గురించి పైన చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా పని కటింగ్. జాకెట్లు, ప్యాంట్లు కత్తిరించడమే చాలా ఏళ్లుగా నా వృత్తి. మీరు కాలర్ గురించి, కుడి చంక కింద ముడత గురించి ఇంత వివరంగా రాయడం నాకు చాలా నచ్చింది. అక్కడినుంచే మొదలుపెడతాను.

జాకెట్ నడుము మీద నిలబడేది కాదు. మెడ వెనక, రెండు భుజాల మీద వేలాడేది. అక్కడ సరిగ్గా కూర్చుంటే కింద చిన్నా చితకా తేడాలు ఉన్నా కళ్లకి ఆనవు. అక్కడ తప్పితే కింద ఎంత బిగించినా ఆ జాకెట్ మీది అనిపించదు. మీకు జరిగింది అదే.

మెడ ముందుకు వంగిన మనిషికి వీపు వైపు పొడవు ఎక్కువ కావాలి, ముందు వైపు తక్కువ చాలు. రెడీమేడ్ జాకెట్ నిటారుగా నిలబడే మనిషి కోసం గీసిన నమూనా. అది మీరు వేసుకుంటే వీపు మీద గుడ్డ చాలదు. చాలనప్పుడు రెండు చోట్ల లాగుడు కనిపిస్తుంది. పైన కాలర్ మెడని వదిలేసి వెనక్కి వస్తుంది, కింద అంచు పైకి లేస్తుంది. మీ పాత జాకెట్ వేసుకుని ఎవరిచేతనైనా పక్కనుంచి ఒక ఫోటో తీయించుకోండి. వెనక అంచు ముందు అంచు కంటే పైకి ఉంటుందని దాదాపు ఖాయంగా చెప్పగలను. దీన్ని మేము బ్యాలెన్స్ అంటాం. నడుము బిగిస్తే పోయే జబ్బు కాదిది. వీపు ముక్కని మెడ దగ్గర పొడవుగా కత్తిరించాలి. మీలాంటి ఒంటికి అర అంగుళం కలిపితేనే కాలర్ వచ్చి మెడని అంటుకుంటుంది. రెడీమేడ్‌లో ఆ అర అంగుళం గుడ్డ లోపల ఉండదు, అందుకే ఆల్టరేషన్ వాళ్లు నడుము ముట్టుకుని వదిలేశారు.

కుడి భుజం విషయంలో కంగారు పడకండి. రెండు భుజాలు సరిసమానంగా ఉన్న మనిషి అరుదు. భుజం కిందికి ఉన్న వైపు గుడ్డకి కింద ఆధారం దొరక్క చంక వైపు జారుతుంది, ఏటవాలు ముడత అందుకే. దీనికి రెండు దారులున్నాయి. ఆ వైపు నమూనాని కూడా భుజంతో పాటు దించడం ఒకటి, లోపల పలుచటి దూది పొర ఒకటి ఎక్కువ వేసి భుజాన్ని లేపడం ఇంకొకటి. మొత్తం దించితే జాకెట్ శుభ్రంగా ఉంటుంది కానీ భుజం వంపు అందరికీ తెలుస్తుంది. మొత్తం దూదితో లేపితే మెత్తటి జాకెట్‌లో ఒక వైపు గట్టిగా తగులుతుంది. నేనైతే తేడాలో సగం కటింగ్‌లో దించి, సగం దూదితో సర్దుతాను. మీ టైలర్ వేరేలా చేస్తానంటే చేయనివ్వండి, కానీ రెండు భుజాలకీ ఒకే కొలత రాసుకుంటే మాత్రం అడగండి.

టైలర్‌కి ఏం చెప్పాలని అడిగారు కదా. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు రోగం చెప్తాం కానీ మందు చెప్పం, ఇక్కడా అంతే. ‘ఇక్కడ అర అంగుళం తీయండి’ అనకండి. ‘చేయి చాపితే ఇక్కడ పట్టేస్తోంది’ అనండి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చంక దగ్గర బాగా తెలుస్తుంది.

చేయి ఎత్తగానే జాకెట్ మొత్తం పైకి లేచిపోతుందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. వెంటనే వాళ్లే ‘చంక టైట్‌గా ఉంది, లూజు చేయండి’ అంటారు. టైలర్ మొహమాటపడి చంక కిందికి దింపి పెద్దది చేశాడనుకోండి, సమస్య రెట్టింపవుతుంది. చంక గుండ్రం కిందికి దిగితే స్లీవ్ జాకెట్ పక్క భాగానికి చాలా కింద అతుక్కున్నట్టు. చేయి ఎత్తితే పక్క భాగాన్ని మొత్తం తనతో పాటు లాక్కుపోతుంది. చంక గుండ్రం చిన్నగా, చంకకి దగ్గరగా పైన ఉండి, స్లీవ్ పై భాగంలో గుడ్డ కాస్త ధారాళంగా ఉంటే చేయి మాత్రమే కదులుతుంది, కాలర్ మెడ దగ్గరే ఉంటుంది. వేసుకున్న మొదటి నిమిషంలో పైకి ఉన్న చంక కొత్తగా తగులుతుంది, కాసేపటికి అలవాటైపోతుంది. గుచ్చుకోకూడదు, ఒరుసుకోకూడదు, అంతవరకే హద్దు. కారు స్టీరింగ్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకి చాపి అద్దంలో కాలర్‌ని చూడండి. కాలర్ కదలకపోతే చంక సరిగ్గా కత్తిరించినట్టే.

కొలతలు ఇచ్చే రోజున మీరు ఆ జాకెట్ కింద వేసుకోబోయే చొక్కా, ప్యాంటు, బూట్లే వేసుకెళ్లండి. జేబుల్లో ఫోన్, పర్సు తీసేయండి. టేపు పట్టుకోగానే అందరూ ఛాతీ విరిచి, ఊపిరి బిగపట్టి నిలబడతారు. దయచేసి అలా చేయకండి. మీరు లిఫ్ట్ కోసం ఎదురు చూసేటప్పుడు ఎలా నిలబడతారో అలాగే నిలబడండి. మెడ వంగి ఉంటే వంగే ఉండనివ్వండి. జాకెట్ ఆ మెడ కోసమే. మంచి కటర్ టేపుతో సమానంగా కళ్లతో కూడా కొలుస్తాడు. మీ వెనక్కి వెళ్లి కాసేపు ఊరికే చూసి, కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నాడంటే సరైన చోటికే వచ్చారు.

భుజాల ప్యాడ్ గురించి. మీరు చెప్పిన వాడకానికి మెత్తటి భుజమే సరి. ఇది నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు. లండన్‌లో ఫ్రెడరిక్ షోల్టె అనే టైలర్ సైన్యపు గార్డ్స్ అధికారుల కోట్లని గమనించి, ఛాతీ మీద, వీపు పైన రెక్క ఎముకల మీద కాస్త గుడ్డ వదిలేసి నడుము దగ్గర పట్టేలా కత్తిరించే పద్ధతి తెచ్చాడు. తర్వాత డ్యూక్ ఆఫ్ విండ్సర్ అయిన బ్రిటిష్ యువరాజు ఎడ్వర్డ్ ఆయన దగ్గరే కుట్టించుకునేవాడు. 1930లలో ఇటలీలోని నేపుల్స్‌లో జెన్నారో రుబినాచ్చి దుకాణంలో పనిచేసిన విన్చెంజో అత్తోలీని ఇంకా ముందుకెళ్లి ప్యాడింగ్, బరువైన లోపలి పొరలు తీసేశాడు. స్లీవ్‌ని చొక్కా స్లీవ్ అతికించినట్టు, పైన చిన్న కుచ్చులతో అతికించే నేపుల్స్ భుజం మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. చాలా అందమైన పని. అయితే మీకు ఆ కుచ్చులు సలహా ఇవ్వను. మీ రెండు భుజాలకీ తేడా ఉంది కాబట్టి సాదా అతుకు, లోపల పలుచటి పొర ఒకటి మేలు. తేడా సర్దడానికి టైలర్‌కి అక్కడ ఏదో ఒక ఆధారం కావాలి.

నడుము సంగతి చివరికి వదిలేశాను. 39కి 31 అంటే 8 అంగుళాల తేడా. రెడీమేడ్‌లో మామూలుగా 6 అంగుళాల తేడాకే కుడతారు, అందుకే మీకు ఏ సైజూ కుదరలేదు. కుట్టించుకునేటప్పుడు ఆ 8 అంగుళాలూ చూపించాలని పట్టుబట్టకండి. ఛాతీకి 4 అంగుళాల దాకా వదులు ఉంచి, నడుము దగ్గర ఇంకొంచెం ఎక్కువ వదులు ఉంచితే ఒంటి తీరు కనిపిస్తుంది, కూర్చున్నప్పుడు లాగదు.

గళ్ల_చొక్కా

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. ఫోటో తీయించుకుని చూశాను. మీరన్నట్టే వెనక అంచు పైకి లేచి ఉంది! ఇన్నాళ్లూ అది నా ఒంటి లోపమే అనుకున్నాను.

ఇంకో రెండు విషయాలు. టైలర్‌తో ఫోన్లో మాట్లాడితే లోపల ఫ్యూజింగ్ వేస్తాను, కావాలంటే కాన్వాస్ వేస్తాను కానీ టైమ్ పడుతుంది అన్నారు. అంత తేడా ఉంటుందా? రెండోది, ప్యాంట్లు, బూట్లు ఎలాంటివి ఉండాలి? నా దగ్గర బేజ్ చినోస్, ముదురు నీలం జీన్స్, ఒక గ్రే ఉన్ని ప్యాంటు ఉన్నాయి.

నేవీబ్లూ

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. రోజూ ఇలాగే వేసుకుంటాను కాబట్టి.

మూడు ప్యాంట్లలో గ్రే ఉన్నిది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. నేవీ జాకెట్, గ్రే ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుంటే టై ఉన్నవాళ్ల మధ్యా బాగుంటుంది, లేనివాళ్ల మధ్యా బాగుంటుంది. బేజ్ చినోస్ పగటిపూటకి. జీన్స్ విషయంలో నాది కాస్త గట్టి అభిప్రాయం. నేవీ జాకెట్ కింద ముదురు నీలం జీన్స్ వేస్తే రెండు నీలాలూ దగ్గర దగ్గరగా ఉండి కలవవు, సూట్ కుట్టించబోయి గుడ్డ తప్పు తెచ్చినట్టు కనిపిస్తుంది. జీన్స్ వేసుకోవాలనుకుంటే నలుపుకి దగ్గరగా ఉన్న బూడిద రంగో, లేత నీలమో చూడండి. రెండో జాకెట్ ఎప్పుడైనా బ్రౌన్‌లో కుట్టించుకుంటే మీ జీన్స్ దానికి చక్కగా సరిపోతుంది.

టై లేనప్పుడు అందరి కళ్లూ చొక్కా కాలర్ మీదే ఉంటాయి. మెత్తటి కాలర్ జాకెట్ కిందికి కుంగిపోతే మొత్తం పాడవుతుంది. కాలర్ నిలబడే పట్టీ కాస్త ఎత్తుగా ఉండాలి, కాలర్ కొసలు జాకెట్ లాపెల్ (ఛాతీ మీద బయటికి మడిచి ఉండే భాగం) కిందికి వెళ్లేంత పొడవు ఉండాలి. లేదంటే కొసలకి బటన్లు ఉన్న కాలర్ తీసుకోండి. పోలో ఆటగాళ్లు కాలర్ ఎగరకుండా అలా పెట్టుకుంటే చూసి అమెరికా బట్టల కంపెనీ బ్రూక్స్ బ్రదర్స్ వాళ్లు మామూలు చొక్కాల్లోకి తెచ్చారు. జాకెట్ కింద దానికి మించింది లేదు. చొక్కా కుట్టించేటప్పుడు రెండో బటన్‌ని మామూలు కంటే కాస్త పైకి పెట్టమనండి. పై బటన్ తీసేసినా ఛాతీ అంతా తెరుచుకోదు.

బూట్లు ముదురు బ్రౌన్ లోఫర్లు (లేసులు లేనివి), స్వెడ్ (మెరుపు లేని, నూగులాంటి తోలు) అయితే ఇంకా మంచిది. అమెరికా బూట్ల కంపెనీ జి.హెచ్. బాస్ వాళ్లు 1936లో వీజన్స్ అనే లోఫర్లు తెచ్చినప్పటినుంచి ఆ ఆకారం పెద్దగా మారలేదు, మారాల్సిన అవసరమూ రాలేదు. నల్లగా మెరిసే ఆక్స్‌ఫర్డ్ బూట్లు మాత్రం సూట్‌కి దాచుకోండి. స్నీకర్లు వేసుకునేవాళ్లు ఉన్నారు, సాదా తెల్లవి శుభ్రంగా ఉంటే నాకేం అభ్యంతరం లేదు, కానీ బయటివాళ్లతో డిన్నర్ అన్నారు కాబట్టి మీకు వద్దు.

బటన్ల గురించి ఇప్పుడే చెప్పేయండి. ఇత్తడి బటన్లు పెడితే అది క్లబ్ బ్లేజర్ అయిపోతుంది. ముదురు బ్రౌన్ కొమ్ము బటన్లు అడగండి. కింది జేబులు పాచ్ పాకెట్లు పెట్టించండి, అంటే గుడ్డ ముక్క పైన అతికించి కుట్టినవి. ఇది సూట్‌లోది కాదని దూరంనుంచే తెలుస్తుంది.

కత్తెర_సుద్ద

కాన్వాస్ గురించి. మీ టైలర్ తనంతట తానే టైమ్ పడుతుందని చెప్పారంటే నిజాయితీగా ఉన్నట్టే.

ఫ్యూజింగ్ అంటే జిగురు ఉన్న పొరని వేడి ప్రెస్‌తో ముందు భాగానికి అతికించడం. ఇప్పుడొచ్చే మంచి ఫ్యూజింగ్ తొందరగా ఊడదు, అది వాడిన జాకెట్లన్నీ చెత్త అని నేను అనను. కానీ వేడికి, డ్రై క్లీనింగ్‌కి జిగురు ఎక్కడైనా వదిలితే ఛాతీ మీద బుడగలు లేస్తాయి, మళ్లీ బాగు చేయలేం. ఇంకో సంగతి, అతికించిన గుడ్డ అతికించినట్టే ఉండిపోతుంది. ఒంటి వంపుని అందుకోదు.

కాన్వాస్ వేరు. ఉన్నితోనో నూలుతోనో నేసిన పొర, ఛాతీ దగ్గర గుర్రపు వెంట్రుకలు కలిపిన గట్టి ముక్క. ఇది గుడ్డకి కుట్లతో మాత్రమే పట్టి ఉంటుంది, రెండు పొరలూ వేటికవి కదులుతాయి. లాపెల్ పని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూడండి, టైలర్‌ని అడిగితే సంతోషంగా చూపిస్తాడు. లాపెల్‌ని చూపుడు వేలి మీదికి వంచి పట్టుకుంటాడు. కాన్వాస్ పైకి, అసలు గుడ్డ కిందికి ఉంటాయి. సూది కాన్వాస్‌లోంచి దిగి కింది గుడ్డలో ఒకటి రెండు పోగులని మాత్రమే పట్టుకుని వెనక్కి వస్తుంది. అలా చిన్న చిన్న ఏటవాలు కుట్లు వరసల మీద వరసలు, ఒక్కో లాపెల్‌కి వందల్లో. వంచి పట్టుకుని కుట్టాడు కాబట్టి వేలు తీసేసినా ఆ వంపు గుడ్డలో నిలిచిపోతుంది. అందుకే కాన్వాస్ జాకెట్ లాపెల్ మడత పెట్టినట్టు చదునుగా పడుకోదు, కింది బటన్ వైపు గుండ్రంగా తిరుగుతుంది. ఇస్త్రీ పెట్టెతో అదిమితే ఆ పని అంతా నాశనం. లాపెల్ మడత మీద ఎప్పుడూ ఇస్త్రీ చేయించకండి.

మీ జాకెట్‌కి సగం కాన్వాస్ చాలు. ఛాతీ, లాపెల్ వరకు కాన్వాస్, కింద ఏమీ లేకుండా తేలిగ్గా. వెనక లైనింగ్ కూడా భుజాల వరకే వేయించండి. లైనింగ్ తక్కువైతే పని తగ్గుతుందనుకోకండి, లోపలి కుట్లన్నీ పట్టీతో మూసి శుభ్రం చేయాలి కాబట్టి పెరుగుతుంది. లండన్‌లో టైలర్లకి పేరుపడ్డ శావిల్ రో వీధి టైలర్ల సంఘం ఒక సూట్‌కి కనీసం 50 గంటల చేతిపని ఉండాలంటుంది. మీ జాకెట్‌కి అంత అవసరం లేదు కానీ, కాన్వాస్ అడిగి నాలుగు రోజుల్లో ఇమ్మంటే అది జరగదు. మూడు నాలుగు వారాలు తీసుకుంటే తీసుకోనివ్వండి.

కచ్చా ట్రయల్ తప్పకుండా ఉందో లేదో ముందే కనుక్కోండి. తెల్ల దారంతో పొడుగాటి కుట్లు వేసి, జేబులు, లైనింగ్ లేకుండా వేసి చూపించే ట్రయల్. దాంట్లో కుట్లు విప్పి మళ్లీ గీస్తారు. అది లేకుండా ఒకేసారి పూర్తి చేసి ఇస్తానంటే మీ మెడకి, మీ భుజానికి ఆ పద్ధతి చాలదు. నడుము పక్క కుట్లలో, వీపు మధ్య కుట్టులో, స్లీవ్ చివర లోపల మార్జిన్ వదలమని కూడా చెప్పండి. ఒళ్లు మారినా జాకెట్ పనికొస్తుంది.

ట్రయల్లో చూసే వరస ముఖ్యం. అందరూ ముందు నడుము చూసుకుంటారు. మీరు ముందు వెనక కాలర్ చూడండి. చొక్కా కాలర్ అర అంగుళం పైకి కనిపించాలి, సందు ఉండకూడదు. తర్వాత భుజాలు, తర్వాత బటన్ పెట్టి ముందు భాగం. బటన్ దగ్గర ఇంటూ మార్కులా ముడతలు వస్తే బిగువు ఎక్కువైనట్టు. స్లీవ్‌లు ఆఖరున. పైన ఏది సవరించినా స్లీవ్ మారిపోతుంది, అందుకే ముందే దాని గురించి మాట్లాడటం అనవసరం.

గళ్ల_చొక్కా

నిన్న కచ్చా ట్రయల్ అయింది. నేవీ హాప్‌సాక్, సగం కాన్వాస్, పాచ్ పాకెట్లు.

కాలర్ మెడకి అంటుకుని కూర్చుంది. చేతులు ముందుకి చాపినా కదల్లేదు. టైలర్ నేను చెప్పకముందే కుడి భుజం కింద పిన్నులు పెట్టి సుద్దతో గీసుకున్నారు, చాలా సంతోషం వేసింది. రెండు సంగతులు మాత్రం అనుమానంగా ఉన్నాయి. చేతులు వదిలేసి నిలబడితే ఎడమ స్లీవ్ వెనక వైపు, మోచేతి పైన, ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి. చేయి కాస్త వెనక్కి జరిపితే పోతున్నాయి. ఇంకొకటి, స్లీవ్ చివర బటన్లకి నిజమైన కాజాలు పెట్టమంటారా అని అడిగారు. రెండో ట్రయల్ పది రోజుల్లో ఉంది.

కత్తెర_సుద్ద

చేయి వెనక్కి జరిపితే ముడత పోతోందని రాశారు చూశారా, టైలర్‌కి ఆ ఒక్క మాట చెప్తే చాలు. మీ చేతులు మామూలు కంటే ముందుకి వేలాడతాయి, మెడ వంగిన వాళ్లలో ఇది తరచూ ఉంటుంది. స్లీవ్‌ని విప్పి, చంక గుండ్రంలో అర అంగుళం లోపే ముందుకి తిప్పి మళ్లీ అతికిస్తే సరిపోతుంది. కొత్తగా కత్తిరించాల్సిన పని లేదు. కుడి స్లీవ్ కూడా చూడమనండి. కుడి భుజం సవరించాక అక్కడ కూడా అదే ముడత రావచ్చు, ఎడమది ఒక్కటే తిప్పి వదిలేస్తే రెండో ట్రయల్లో మళ్లీ విప్పాలి.

కాజాలు పెట్టించండి, బాగుంటాయి. కానీ ఇప్పుడు కాదు. కాజా కోసిన తర్వాత స్లీవ్ పొడవుని కింద నుంచి పెంచడం, తగ్గించడం కుదరదు. పైన భుజం దగ్గరినుంచి మార్చాల్సి వస్తుంది, అది చాలా పెద్ద పని. స్లీవ్ తిప్పాక పొడవు కొంచెం మారుతుంది. రెండో ట్రయల్లో మీరు వేసుకోబోయే చొక్కాతో నిలబడి, చొక్కా కఫ్ అర అంగుళం దాకా బయటికి కనిపించేలా రెండు చేతులకీ విడివిడిగా పొడవు ఖరారు చేయించండి. మీ కుడి భుజం కిందికి ఉంది కాబట్టి రెండు కొలతలూ ఒకటి కాకపోవచ్చు. ముందు బటన్ ఎత్తు కూడా అప్పుడే కూర్చుని, లేచి చూసుకోండి. అవి రెండూ ఖాయమయ్యాక కాజాలు కోయమనండి.